తొమ్మిదో గడి

బీరువాలో ఉన్న బట్టలన్నీ మంచం మీదికి వచ్చాయి. మంచం కింద ఉండే ట్రంకు పెట్టె గుమ్మం దాకా వచ్చింది. స్తుతి ఇంకా వెతుకుతూనే ఉంది.

"అవ్వా, ఏడున్నర బస్సు పోతది. నా ఆధార్ కార్డు ఏడ వెట్టినవ్?"

తల్లి రిబ్కమ్మ వంటగది గడప దగ్గర కత్తిపీట వేసుకుని మామిడికాయలు కోస్తోంది. తల ఎత్తలేదు.

"మొన్న అడిగిన. నిన్న అడిగిన. ఇయ్యాల ఆఖరు అన్నడు సేటు. జిరాక్స్ ఇయ్యకుంటే వేరేటోళ్లను పెట్టుకుంటడట."

"పెట్టుకోనీ."

తండ్రి దేవదాస్ బయట మెట్టు మీద కూర్చుని బూటు లేసు వైపు చూస్తున్నాడు. వంగితే నడుము పట్టేస్తుంది. రెండు నెలలుగా అతడు బొగ్గుబాయిలోకి దిగలేదు. గురువారం మెడికల్ బోర్డు ఉంది. బోర్డు వాళ్లు అన్‌ఫిట్ అని రాస్తే అతని నౌకరి డిపెండెంట్ కింద బిడ్డకు వస్తుంది. రాయకపోతే అతడు మళ్లీ బాయిలోకి దిగాలి. శ్రీరాంపూర్‌లో వాళ్లుండే వరుస క్వార్టర్లలోనే నాలుగు ఇళ్లు ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాయి.

బిడ్డకు పద్దెనిమిదేళ్లు మార్చిలో నిండాయి. ఇంటర్ అయిపోయింది. పోయిన బుధవారం దేవదాసే ఆమెను లక్సెట్టిపేట తీసుకుపోయి ఓంప్రకాశ్ విత్తనాల దుకాణంలో బిల్లులు రాసే పనిలో పెట్టాడు. పత్తి విత్తనాలు అమ్ముడుపోయే నలభై రోజుల పని. శనివారం దాకా రిబ్కమ్మ ఏమీ అనలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు ఆమె తమ్ముడు జాన్సన్ గేటు దగ్గర ఆపి పావుగంట మాట్లాడాడు. అప్పటినుంచి కార్డు కనబడలేదు.

"నీకు తెలుసు అదేడుందో," అంది స్తుతి.

"తెలుసు."

"ఏడుంది?"

"ఇంట్ల లేదు. జాన్సన్‌కు ఇచ్చిన."

స్తుతి చేతిలో ఉన్న చీరను మంచం మీద వేసింది.

"మామకా? నా కార్డుతోటి మామకేం పని?"

"నీ కార్డు దుకాణంల ఇస్తే నీ పేరు ఆన్‌లైన్‌ల ఎక్కుతది. పీఎఫ్ పడుతది. పీఎఫ్ పడ్డదంటే నువ్వు నౌకరి చేసేటోళ్ల లెక్కల పోయినట్టే. డిపెండెంట్ అంటే ఏంది? తండ్రి మీద ఆధారపడ్డ పిల్ల. నౌకరి చేసే పిల్ల ఎవల మీద ఆధారపడ్డట్టు?"

"విత్తనాల దుకాణంల పీఎఫ్ ఏందవ్వా! ఆడ కుర్చీలే మూడున్నయి."

"నవ్వు. క్వార్టర్ ఖాళీ చెయ్యుమన్ననాడు అందరం కలిసి నవ్వుదాం." రిబ్కమ్మ కాయను రెండు చేసింది. టెంకలోని జీడిని తీసి పక్కన పడేసింది. "ఇంటాయన ఏమన్న అంటడేమోనని చూస్తున్న. బెల్లం కొట్టిన రాయి లెక్క కూసున్నడు."

"పనిల పెట్టిచ్చింది నేనే," అన్నాడు దేవదాస్ బయటినుంచి.

"గదే నేనడిగేది. పెట్టిచ్చే ముందుగాల నాకొక్క మాట చెప్పినవా?"

చెప్పలేదు. చెబితే వద్దంటుందని చెప్పలేదు.

స్తుతి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది.

"నేను పోతున్న. కార్డు మర్చిపోయిన అని చెప్త."

"అబద్ధమాడుతవా?" అంది రిబ్కమ్మ.

"మా అవ్వ దాచిపెట్టింది అని చెప్పాల్నా మరి?"

రిబ్కమ్మ ఇంకో కాయ తీసుకుంది.

దేవదాస్ లేసు కట్టుకోకుండానే బండి తీశాడు. బస్టాపు దగ్గర ఆపాడు. బండి దిగాక స్తుతి అడిగింది.

"బాపూ, మామ దగ్గరికి పోతవా?"

"పోత."

"కొట్లాడకు."

"నేనెప్పుడు కొట్లాడిన?"

"గదే. జర కొట్లాడు."

బస్సు వచ్చింది.

* * *

మందమర్రి మార్కెట్లో జాన్సన్‌కు కూలర్ల దుకాణం ఉంది. దేవదాస్ వెళ్లేసరికి అతడు ఒక కూలర్ తలుపు విప్పి, పాత గడ్డి పీకి, కొత్త గడ్డి కూరుతున్నాడు. ముందు వరుసలో ఇంకా ఐదు కూలర్లు ఉన్నాయి.

"రా బావా. నడుమెట్లున్నది?"

"ఉన్నది. కార్డియ్యి."

"అక్క ఇయ్యుమన్నదా?"

"స్తుతి ఇయ్యుమన్నది. కార్డు దానిది."

జాన్సన్ గడ్డి మీద జాలీ పెట్టి తీగ మెలి తిప్పాడు. స్టూలు లాగి బావ ముందు పెట్టాడు. దేవదాస్ కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టం.

"బావా, నేను ఊకె చెప్తలేను. పోయినేడు ఒక పిలగాడు బండ్ల షోరూంల చేరిండు. మూడంటే మూడు నెలలు చేసిండు. పీఎఫ్ పడ్డది. తండ్రి అన్‌ఫిట్ అయ్యిండు, అన్ని కాయితాలు అయినయ్, ఆఖరికి నౌకరి ఆగింది."

"ఎవలు?"

"గా రామకృష్ణాపూర్ దిక్కు."

"పేరు?"

"పేరు యాదికి లేదు."

"తండ్రిది ఏ బాయి?"

"నువ్వు పోలీసోని లెక్క అడుగుతున్నవ్ బావా."

"నువ్వు చూసినవా ఆ పిలగాన్ని?"

"చూసినోడు చెప్పిండు."

"చూసినోడు ఎవలు?"

జాన్సన్ స్క్రూడ్రైవర్ కోసం చుట్టూ చూశాడు. అది అతని జేబులోనే ఉంది.

"ఆఫీసుల అడిగినవా?" అన్నాడు దేవదాస్.

"ఆఫీసుల అడుగుతరా ఎవలన్న? వాళ్లకు తెల్వదనుకో. మనం పోయి అడిగితే మనమే చెప్పినట్టాయె. ఇగ మన పేరు మీద గీత గీస్తరు."

"వాళ్లకు తెల్వని రూలు నీకెట్ల తెలిసింది?"

కూలర్ యజమాని ఒకామె వచ్చి తనది ఎప్పుడవుతుందని అడిగింది. మధ్యాహ్నానికి అన్నాడు జాన్సన్. పొద్దున అన్నావు కదా అందామె. ఎండకు మోటర్లు కాలుతున్నాయని చెప్పి పంపించాడు. తర్వాత అతని గొంతు మారింది.

"బావా, నా తాన కంపెనీ నౌకరి లేదు. మా బాపు రిటైర్ అయ్యేనాటికి నాకు పదహారేండ్లు. రెండేండ్లు తక్కువైనయ్. ఎండకాలం దుకాణం నడుస్తది. వాన పడ్డ తెల్లారి సంది ఈగలు తోలుకుంట కూసుంట. నౌకరి అంటే ఏందో నౌకరి ఉన్నోనికి తెల్వది. నా మేనకోడలుకు రావాల్సింది పోవద్దని నా బాధ. తప్పా?"

"తప్పని ఎవలన్నరు?"

"మరి కొట్లాడనీకి వచ్చినట్టు నిలవడ్డవ్."

"నడుము వంగుతలేదు. గందుకే నిలవడ్డ."

జాన్సన్ నవ్వాడు. గల్లా డెస్కు తెరిచి, బిల్లు పుస్తకాల కింద నుంచి కార్డు తీశాడు. ఇస్తూ ఇస్తూ చేయి ఆపాడు.

"ముందుగాల ఆఫీసుల అడుగు. అడిగినంక నీ ఇష్టం. అడిగేటప్పుడు నా పేరు మాత్రం తియ్యకు."

* * *

సదానందం ఒకప్పుడు దేవదాస్‌తో పాటు బాయిలో పని చేశాడు. చేయి విరిగాక ఆఫీసులో కూర్చోబెట్టారు. ఇప్పుడు అన్‌ఫిట్ ఫైళ్లన్నీ అతని బల్ల మీదినుంచే పోతాయి.

దేవదాస్ చెప్పింది అతడు చివరిదాకా విన్నాడు. విన్నాక ఫ్యాను వైపు చూశాడు.

"జిరాక్స్ ఇస్తే నౌకరి పోతదా? నేను సిమ్ కార్డుకు ఇచ్చిన, గ్యాస్‌కు ఇచ్చిన, మా బిడ్డ పెండ్లికి ఫంక్షన్ హాలోడు అడిగితే ఇచ్చిన. మరి నేనేడ కూసున్న? ఎవలు చెప్పిండ్రు నీకు?"

"ఎవలో అన్నరు."

"గా ఎవలో అనేటోడు నాకు రోజుకు పది మందిని పంపుతడు. ఏమన్న గిట్ల పీఎఫ్ పట్టే దుకాణమా అది?"

"మూడు కుర్చీలున్నయి."

"అయితే ఫికర్ లేదు. పో."

దేవదాస్ లేవబోయాడు. సదానందం కూర్చోమని చేయి ఊపి, అరలోంచి ఒక ఫారం తీశాడు. తెలుగులో అచ్చయిన కాయితం. పన్నెండు గడులు.

"మంచిగైంది నువ్వే వచ్చినవ్. రేపు పది గంటలకు ఇది నాకు రావాలె. గురువారం బోర్డు ముందట ఫైలుల ఇది లేకుంటే నీ నంబరు వెనుకకు పోతది. మళ్ల ఎప్పుడు పిలుస్తరో నాకు తెల్వది. కింద నీ సంతకం, భార్య సంతకం. ఆరు నుంచి తొమ్మిది దాకా గడులు పిల్ల చేతిరాతతోనే నింపాలె."

దేవదాస్ వేలు పెట్టి చదివాడు. ఆరు, డిపెండెంట్ పేరు. ఏడు, వయసు. ఎనిమిది, చదువు. తొమ్మిది, డిపెండెంట్ ప్రస్తుతం చేస్తున్న పని.

"తొమ్మిదిల ఏం రాయాలె?"

"ఏమీ లేదు అని రాయాలె."

"చేస్తున్నది గద."

"నలభై రోజుల పనిని ఎవలు రాస్తరు దేవదాసూ? అందరు లేదనే రాస్తరు. ట్యూషన్ చెప్పేటోళ్లు లేదని రాస్తరు, మిషన్ కుట్టేటోళ్లు లేదని రాస్తరు."

"ఉన్నదని రాస్తే ఆగుతదా?"

సదానందం పక్క బల్ల వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఆగుతదని నేననలే. ఆగదని కూడ అనలే. లేదని ఉంటే ఎవడు చదవడు, ముద్ర గుద్దుతరు. ఏదన్న రాసి ఉంటే పైన ఎవడో ఒకడు ఆగి చదువుతడు. చదివినోడు ఒక ప్రశ్న రాస్తడు. ప్రశ్నకు జవాబు తయారైతది. గట్ల రెండు నెలలు పోవచ్చు, ఆరు నెలలు పోవచ్చు. గా లోపల అన్‌ఫిట్ కాయితం రాదు, నువ్వు డ్యూటీ ఎక్కాలె. గంతే నాకు తెలిసింది."

దేవదాస్ ఫారం నాలుగు మడతలు పెట్టాడు. సదానందం దాన్ని తీసుకుని మడతలు విప్పి, ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాడు.

* * *

లక్సెట్టిపేట బస్సులో కూర్చునే చోటు దొరకలేదు. దేవదాస్ నిలబడే పోయాడు.

దుకాణం ముందు ముప్పై మంది దాకా ఉన్నారు. గడప లోపల బల్ల ముందు స్తుతి కూర్చుని ఉంది. బల్లకు ఒక పక్క విత్తనాల ప్యాకెట్లు, ఇంకో పక్క బిల్లు పుస్తకం. ప్యాకెట్ తిప్పి దాని మీది లాటు నంబరు చదువుతుంది, బిల్లులో రాస్తుంది, చింపే ముందు రెంటినీ పక్కపక్కన పెట్టి రైతుకు చూపిస్తుంది. తండ్రిని చూసి తల ఊపింది. చేయి ఆపలేదు.

వరుసలో ముందున్నది ఒక ముసలామె. పేరు అడిగితే పోశవ్వ అని చెప్పింది.

"పోశవ్వా, ప్యాకెట్ మీద నంబరు, బిల్లు మీద నంబరు ఒక్కటేనా చూసుకో."

"నాకు చదువు రాదు బిడ్డా."

"నేను చదువుత. నువ్వు విను."

చదివింది. పోశవ్వ విని, "ఇంకోపాలి చదువు," అంది.

వెనుక నుంచి ఎవరో కసురుకున్నారు. "బస్సున్నది మాకు! నీ చదువు ఇంట్ల చదువుకోరాదా ముసల్దానా!"

పోశవ్వ వెనక్కి తిరిగింది. "నీ బస్సు పోతే ఇంకోటొస్తది. నాకు పోయిన సాలు రెండెకరాలు మొలవలే. వేరే దుకాణంల కొన్న. నష్టం కోసం అగ్రికల్చర్ సార్లకు బిల్లు చూపిచ్చిన. ఈ బిల్లు ఈ విత్తనానిది కాదన్నరు. ప్యాకెట్ ఒకటి, రాసింది ఒకటి. మళ్ల దున్నిన, మళ్ల నాటిన. నువ్వొస్తవా దున్ననీకి? వచ్చేటట్టుంటే ఊరు పేరు చెప్త, రాసుకో."

వెనుక నవ్వారు. స్తుతి నవ్వలేదు. రెండోసారి చదివింది, అంకె అంకెకూ ఆగుతూ.

ఓంప్రకాశ్ గల్లా దగ్గర నుంచి, "బిడ్డా, జర జల్ది," అన్నాడు. దేవదాస్ కార్డు జిరాక్స్ ఇస్తే చూడకుండానే సొరుగులో వేశాడు.

"ఇదెందుకు సేటూ?"

"పురుగుల మందు డబ్బాలుండే దుకాణం. ఎవలు పనిచేస్తున్నరో కాయితం ఉండాలె గద."

"ఆన్‌లైన్‌ల ఏమన్న ఎక్కుతదా?"

"ఏ లైన్‌ల?" అన్నాడు ఓంప్రకాశ్. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ బిడ్డ పనిల ఐదు రోజుల పిల్ల. పొద్దుగాల నేను రాసిన బిల్లే తప్పు పట్టింది. మూడు రాసేకాడ ఎనిమిది రాసిన. పోనీ తియ్యుమన్న. పోనీయలే. రైతును ఉరికిపోయి బస్టాండుల పట్టుకున్నది, బిల్లు మార్చి ఇచ్చి వచ్చింది. రేపటి సంది గల్లా పక్కకు కూసోవెడుత. పంపుతవ్ గద?"

దేవదాస్ జవాబు చెప్పేలోగా ఎవరో రెండు ప్యాకెట్లు బల్ల మీద పెట్టారు.

దుకాణం మూసేదాకా అతడు బయట సంచుల మీద కూర్చున్నాడు. తిరుగు బస్సులో బిడ్డకు కిటికీ పక్క సీటు దొరికింది. ఆమె రోజంతా జరిగింది చెప్పింది. అతడు కవర్లో ఉన్న ఫారం గురించి చెప్పలేదు.

* * *

ఇంటికి వచ్చేసరికి బీరువాలో బట్టలు సర్ది ఉన్నాయి. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీ మూతికి గుడ్డ కట్టి ఉంది.

దేవదాస్ ఆఫీసు సంగతి చెప్పాడు. సదానందం అన్నది అన్నట్టే చెప్పాడు, తొమ్మిదో గడి దాకా పోలేదు, జిరాక్స్ దాకానే.

"గంతేనా?" అంది రిబ్కమ్మ.

"గంతే."

"నౌకరికి ఏం కాదా?"

"కార్డుతోటి ఏం కాదు."

రిబ్కమ్మ చేతులు తుడుచుకుంది. బిడ్డను చూసి అంది, "పొద్దుగాల కోపంల పప్పు కూడ పెట్టలే నీకు. తిన్నవా ఏమన్న?"

"ఉత్త అన్నం, తొక్కు."

"రేపు గుడ్డు కూర వండుత. గా బస్సుల ఆడోళ్లకు సీట్లు దొరుకుతయా?"

"ఇయ్యాల దొరికింది."

"సేటు మంచోడేనా?"

"గల్లా పక్కకు కూసోవెడుతడట రేపటి సంది," అంది స్తుతి. చెప్పాలనుకున్న మాట అది. దుకాణంలో సేటు చెప్పినప్పటినుంచి దాచుకుంది.

రిబ్కమ్మ మొహం కొంచెం విప్పారింది. "గల్లా పక్కకా?" అని మళ్లీ అడిగింది. ముగ్గురూ తిన్నారు. కంచాలు తీశాక దేవదాస్ కవర్లోంచి ఫారం తీసి, మొదటి ఐదు గడులు తాను నింపి, చాప మీద పెట్టాడు. పెన్ను దాని మీద పెట్టాడు.

స్తుతి ఆరు నింపింది. ఏడు నింపింది. ఎనిమిదిలో ఇంటర్మీడియట్ అని రాసింది. తొమ్మిది చదివి పెన్ను ఎత్తింది.

"గిదేంది?"

"లేదు అని రాయుమన్నడు సదానందం," అన్నాడు దేవదాస్.

"లేదని ఎట్ల రాస్త? ఇయ్యాల నూటా పన్నెండు బిల్లులు రాసిన."

"అందరు గట్లనే రాస్తరట."

"ఉన్నదని రాస్తే?"

అప్పుడు మిగిలింది చెప్పాడు. ఎవడో ఆగి చదవడం, ప్రశ్న, రెండు నెలలు, ఆరు నెలలు, డ్యూటీ. చెబుతున్నంతసేపు రిబ్కమ్మ అతన్ని చూస్తూ ఉంది.

"ఇది పొద్దుగాల్నే తెలుసు నీకు," అంది.

"తెలుసు."

"గంతే అన్నవ్ నాతోటి."

రిబ్కమ్మ బిడ్డ వైపు తిరిగింది.

"రాయి. లేదు అని రాయి. నలభై రోజులది పనేనా? సెలవులల్ల ఆట."

"ఆటనా? గట్లయితే కార్డెందుకు దాచినవ్?"

"నోరు లేస్తున్నది నీకు."

"కాదవ్వా, నువ్వే చెప్పు. పని కాకుంటే దాచుడెందుకు? పనే అయితే రాయొద్దనుడెందుకు?"

పక్క క్వార్టర్లో టీవీ వార్తలు చదువుతోంది. రిబ్కమ్మ లేచి కిటికీ రెక్క వేసి వచ్చింది. ఈసారి గొంతులో కోపం లేదు.

"సరే. నీకు అబద్ధం రాయబుద్ధి కాదు. నాకూ రాయించబుద్ధి కాదు. రేపటి సంది పోకు. మానేసినంక పని లేనట్టే గద. అప్పుడు లేదు అని రాస్తే అబద్ధం కాదు. దేవుని ముందట కూడ కాదు."

స్తుతి తల్లిని చూసింది. పెన్ను మూత పెట్టింది, తీసింది. తండ్రి వైపు తిరిగింది.

"బాపూ, నువ్వు చెప్పు. పొమ్మంటే పోత. మానెయ్యుమంటే లేదని రాస్త. నేను కోపం చెయ్య."

దేవదాస్ రెండు చేతులూ వెనుక నేలకు ఆన్చి నడుము సర్దుకున్నాడు. బోర్డు గురువారం. ఫారం రేపు పదింటికి. బస్సు రేపు ఏడున్నరకు.

"ఉన్నది రాయి," అన్నాడు.

"నౌకరి ఆగితే నువ్వు మళ్ల బాయికి పోవాలె."

"పోత."

"నడుమో?"

"నడుము నాతోనే వస్తది. దాన్ని ఇంట్ల పెట్టి పోతనా?"

ఎవరూ నవ్వలేదు. స్తుతి రాసింది. గడి చిన్నది. అక్షరాలు చిన్నవి చేసి, గీత దాటకుండా, విత్తనాల దుకాణంలో బిల్లులు రాస్తున్నాను, నలభై రోజులు అని రాసింది. రాసి, గడి పేరునూ రాసిన మాటనూ ఒకసారి సరిచూసుకుంది. దేవదాస్ ఫారం తన వైపు తిప్పుకుని సంతకం పెట్టాడు.

ఇంక ఒక్క సంతకం ఉంది.

రిబ్కమ్మ ఫారం తీసుకుంది. పెన్ను కూడా తీసుకుంది. "చదవకుంట నేను సంతకం పెట్ట," అంది. వంటగదిలోకి పోయి బల్బు కింద కూర్చుంది.

ఆమె బడికి పోలేదు. పెళ్లయ్యాక చర్చిలో ఆడవాళ్లకు బైబిలు పెట్టి చదువు నేర్పారు. ఏది చదివినా గొంతెత్తి, వేలు పెట్టి, అక్షరం అక్షరం చదువుతుంది. వంటగదిలోంచి ఆ గొంతు వస్తోంది. ఉద్యోగి పేరు, దేవదాస్. టోకెన్ నంబరు. బాయి పేరు. పని చేసిన ఏండ్లు, ఇరువై మూడు. భార్య పేరు దగ్గర కొంచెం ఆగింది. తన పేరు చదువుకుంది. డిపెండెంట్ పేరు, స్తుతి. వయసు, పద్దెనిమిది. చదువు, ఇంటర్మీడియట్.

తొమ్మిదో గడి దగ్గర గొంతు ఆగింది.

స్తుతి లేవబోయింది. దేవదాస్ ఆమె చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు.

వంటగదిలో పెన్ను మూత తీసిన చప్పుడయింది. సంతకం పెట్టకుండానే మూత మళ్లీ పెట్టింది. ఆ తర్వాత రిబ్కమ్మ మళ్లీ చదవడం మొదలుపెట్టింది, ఒకటో గడి నుంచి.